ఆర్పని పొయ్యి

వెండికొండ మీద ఆ పూట సూర్యుడు ఉన్నాడో లేడో చెప్పడం కష్టం. శిఖరాల మీదినుంచి దిగిన మబ్బు లోయలనూ, లోయల్లోని దేవదారు వనాలనూ, వనాల అంచున గడ్డకట్టిన సెలయేళ్ళనూ ఒకే తెల్లటి దుప్పటి కింద దాచేసింది. కొమ్మకొమ్మకూ మంచు ముత్యాల జల్లులై వేలాడుతోంది. గాలి కదిలినప్పుడల్లా కొండంతా సన్నగా గలగలమంటోంది. అంత అందాన్ని చూసి ఆనందించే తీరిక మాత్రం యువరాజు శరభకేతుడికి లేదు. అతని వీపున కంబళ్ళ మూట ఉంది, మొహాన జిగురుతో అతికించుకున్న గడ్డం ఉంది, వెనకాల కొండదారిలో గుర్రపు డెక్కల చప్పుడు ఉంది. అంగీ లోపల, రొమ్ముకు ఆనించి, అతని చెల్లెలు ఉంది.

చెల్లెలంటే మనిషి రూపంలో కాదు. మేఘతల రాజ్యాన్ని కాజేసి, ముసలి రాజును చెరసాలలో తోసిన మాంత్రికుడు ధూమకంఠుడు రాకుమారి హేమలేఖను గుప్పెడంత వానకోయిలగా మార్చి పంజరంలో పెట్టాడు. ఆ పంజరం ఊచలు విరిచి పిట్టను తప్పించి తెచ్చింది అన్నే. వెండికొండ అవతల ఉన్న నీలసరస్సులో ఒక్కసారి ముంచితే ఆమె మళ్ళీ మనిషి అవుతుంది. అందాకా ఆ పిట్ట ప్రాణాలతో ఉండాలి. ఈ లోకంలో శరభకేతుడికి మిగిలిన పని అదొక్కటే.

దారి మలుపులో ఒంటరిగా ఒక రాతి ఇల్లు కనిపించింది. చెక్కపలకల కప్పు, దాని నడుమనుంచి లేచిన లావుపాటి పొగగూడు, అందులోంచి నల్లటి పొగ. అతను పరుగున వెళ్ళి తలుపు తట్టాడు.

తలుపు తీసినావిడ పేరు మల్లసాని. యాభై దాటిన మనిషి. చేతిలో గరిటె, చూపులో కరుకుదనం.

"కంబళ్ళు వద్దు నాయనా. ఉన్నవే చిరిగి చావట్లేదు," అంది.

శరభకేతుడు బేరం మాట ఎత్తకుండా అంగీ బొత్తాం విప్పాడు. లోపలినుంచి నల్లటి చిన్న తల ఒకటి బయటికొచ్చి చలికి వణికింది. ఏ ఇంట్లో వానకోయిల కనబడితే ఆ ఇంటిని మనుషులతో సహా తగలబెట్టాలని ధూమకంఠుడి ఆజ్ఞ. ఆ సంగతి కొండమీద అందరికీ తెలుసు. మల్లసాని పిట్టను చూసింది, అతని మొహం చూసింది, అతని భుజం మీదుగా దారిలోకి చూసింది. ఆమె గొంతు మారిపోయింది.

"లోపలికి రండి బాబూ. మా ఆయన కాచన, పాత రాజుగారి కోటగుమ్మం కాసిన మనిషి. ఆ ఉప్పు తిన్న ఇల్లు ఇది."

ఇంట్లో సగం పొయ్యే ఉంది. మనిషి వంగకుండా నిలబడగలిగినంత రాతి గూడు, అడుగున ఒక పెద్ద నల్లరాయి, దాని మీద కణకణలాడే నిప్పు. పొయ్యి పక్కన మల్లసాని కూతురు చెంగలి కట్టెలు చీలుస్తోంది. శరభకేతుడు చలి కాచుకుందామని రెండు చేతులూ చాపాడో లేదో, నిప్పు కిందనుంచి టక్, టక్ మని చప్పుడైంది. అతని చెయ్యి అంగీ కింద దాచిన కత్తి మీదికి పోయింది.

చెంగలి నవ్వింది. "దెయ్యం కాదులెండి. పొయ్యిరాయి. ఈ చలికాలం మొదలైన దగ్గర్నించీ వేడికి చిటుకుతోంది. మా అమ్మ నిప్పు తగ్గనివ్వదుగా."

శరభకేతుడు వంగి పొగగూట్లోకి చూశాడు.  గూటి గోడల నిండా మసి పేరుకుపోయింది. మామూలు మసి కాదు, తారులా కారి, బెరడులా గట్టిపడి, మెరుస్తున్న మసి. ఆకాశం కనిపించాల్సిన చోట పిడికెడు వెలుతురు కూడా లేదు.

"ఇది దులిపి ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

మల్లసాని మొహం బిగుసుకుంది. "ఇంటాయన కొండ దిగితే, తిరిగొచ్చేదాకా పొగగూడు దులపం. పొయ్యి ఆర్పం. ఆ పొగ చూసుకునే ఆయన ఇల్లు గుర్తుపట్టాలి. మాయదారోడు కోట పట్టుకున్న రోజున భటులొచ్చి మా ఆయన్ని తీసుకుపోయారు. ఎదురుగా వాళ్ళు నిలబడి ఉంటే నాతో ఒక్క మాట కూడా చెప్పలేకపోయాడు. ఈ పొయ్యిరాయి మీద అరచెయ్యి ఆనించి, నాకేసి చూసి, పోయాడు. అప్పట్నించి ఈ నిప్పు ఆరలేదు."

 ఊళ్ళో అందరూ కాచన చచ్చిపోయాడనే అనుకుంటున్నారు. ఆ మాట మల్లసాని ముందు అన్నవాళ్ళు మాత్రం మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

అంతలో డెక్కల చప్పుడు వాకిట్లోకే వచ్చేసింది.

"పిట్టనిలా ఇవ్వండి," అంటూ చెంగలి చెయ్యి చాపింది. "అటక మీద పొగగూటి గోడలో ఒక అర ఉంది. మాంసం ఎండబెట్టేది. రాతిమూత ఉంటుంది, ఎవరూ చూడరు." అంటూనే ఆమె నిచ్చెన ఎక్కేసింది. పైన రాయి రాయిని ఒరుసుకున్న చప్పుడు వినిపించింది. ఈలోగా మల్లసాని కంబళ్ళ మూట విప్పి ఇంటి పక్కబట్టల్లో కలిపేసింది.

తలుపు ఎవరో తన్నినట్టు తెరుచుకుంది. ధూమకంఠుడి దళపతి దుర్ధరుడు నలుగురు భటులతో లోపలికొచ్చాడు. భారీ మనిషి. మైదానం నుంచి వచ్చినవాడు కావడంతో చలికి ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

"వీడెవడు?" అన్నాడు శరభకేతుణ్ణి చూస్తూ.

"మా అల్లుడండీ. ఇల్లరికం," అంది మల్లసాని రెప్పవేయకుండా.

నిచ్చెన దిగుతున్న చెంగలి నడిమెట్టు మీద ఆగిపోయింది. దుర్ధరుడు తల ఎత్తి ఆమెను చూశాడు. "నీ మొగుడేనా?"

"పదిమందిలో ఒప్పుకోవాలంటే సిగ్గేగానీ, ఈయనేనండి."

"ఏం పని చేస్తావురా?"

"అత్తయ్య పెట్టింది తింటానండి," అన్నాడు యువరాజు, తల దించుకుని.

భటులు పగలబడి నవ్వారు. దుర్ధరుడు మాత్రం నవ్వలేదు. "ఇల్లంతా వెతకండి. అటక కూడా," అని, పొయ్యి ముందు పీట లాక్కుని కూర్చున్నాడు. చేతులు నిప్పుకు చాపి, విసుగ్గా చుట్టూ చూశాడు. గోడవార దేవదారు మొద్దులు పేర్చి ఉన్నాయి. జిగురు కారే మొద్దులు అవి, కాగడాల కోసం దాచినవి. ఒకటి తీసి పొయ్యిలో వేశాడు. మంట భగ్గుమంది. ముచ్చటపడి ఇంకొకటి వేశాడు, ఆపైన మరొకటి.

మల్లసాని పెదవి కొరుక్కుంది. పొయ్యి దగ్గర కూర్చున్న అతిథి చెయ్యి పట్టుకుని ఆపడం ఆ కొండమీద మహాపాపం. వచ్చినవాడు శత్రువైనా సరే. కొండవాడెవడూ ఇలాంటి గూట్లో జిగురుమొద్దు వెయ్యడు కాబట్టి, ఆపాల్సిన అవసరం ఇంతకాలం ఎవరికీ రాలేదు.

అటక మీద బూట్ల చప్పుడు అటూ ఇటూ తిరిగింది. జొన్నకంకులు దొర్లాయి. బూట్లు పొగగూటి గోడ దగ్గర ఆగాయి.  శరభకేతుడు దళపతి మెడకు తన కత్తి అందుతుందా అని కొలుచుకున్నాడు. పైనుంచి "అబ్బా" అని ఒక కేక, తర్వాత ఒక బండబూతు.

"ఏంట్రా?" అన్నాడు దుర్ధరుడు.

"గోడరాయండీ. చెయ్యి కాలింది. ఇక్కడేం లేదు, కంకులే."

రాయి చెయ్యి కాలేంత వేడెక్కిందంటే లోపల పిట్ట సంగతేమిటి?  దళపతి ఇంకాసేపు ఒళ్ళు కాచుకుని, మల్లసాని వండిన గంజి తాగి, చివరికి లేచాడు. "కంబళ్ళవాడెవడైనా ఇటొస్తే కిందికి కబురు పెట్టు. మాట దాచావో, ఈ కొంప ఉండదు," అని బెదిరించి బయటికి నడిచాడు.

గుర్రాలు మలుపు తిరిగాయి. చెంగలి గడియ పెట్టి నిట్టూర్చింది. అప్పుడు వినపడింది ఆ చప్పుడు.

మొదట తేనెటీగలు ముసిరినట్టు సన్నగా, పొగగూటి పైభాగంలో ఎక్కడో. తర్వాత గాలి ఈల వేసినట్టు. ఆ తర్వాత ఇల్లంతా అదిరేలా హోరు. పొయ్యిలోని మంట తాడు కట్టి లాగినట్టు నిలువునా పైకి లేచింది. ఎర్రగా కాలుతున్న మసి పెళ్ళలు పొయ్యిలోకి రాలి పడుతున్నాయి. చెంగలి కిటికీ తెరిచి పైకి చూసి, వెంటనే మూసేసింది.

"అమ్మా, గూడంటుకుంది. కప్పుకు పైన మంట నిలబడి ఉంది."

ఇంటికి నిప్పంటుకుంటే కొండకింద ఊళ్ళో కొమ్ము ఊదుతారు. ఊరు ఊరంతా బిందెలతో పరిగెత్తుకొస్తుంది, కప్పు పీకుతుంది, అటక మీదివన్నీ బయటపడేస్తుంది. వాళ్ళతోపాటు దుర్ధరుడూ వస్తాడు. అదంతా తర్వాతి సంగతి. ఇప్పుడు ఆ గోడలో, ఆ మంటకు జానెడు దూరంలో, హేమలేఖ ఉంది.

మల్లసాని నీళ్ళ కడవ ఎత్తింది. శరభకేతుడు ఆమె చేతిలోంచి లాగేశాడు.

"నీళ్ళు వద్దమ్మా. కాలిన రాయి మీద నీళ్ళు పడితే గోడ పగిలి మంట అటక మీదికొస్తుంది. చిన్నప్పుడు కోట వంటశాలలో ఇలాగే అంటుకుంది. పైన తడి కంబళి కప్పారు, కింద పొయ్యిలో ఉప్పు గుమ్మరించారు. అలా చేస్తేనే చచ్చింది."

"ముందు అర తెరిచి పిట్టను తీసేస్తా," అంటూ చెంగలి నిచ్చెన పట్టుకుంది.

"తెరవకు. గాలి తగిలితే మంట అరలోకి దూకుతుంది, ముందు పోయేది అదే. కింద నిప్పు చావాలి, పైన గాలి ఆగాలి, హోరు తగ్గాలి. అప్పుడు తెరువు." మాట్లాడుతూనే అతను కంబళ్ళను నీళ్ళతొట్టిలో ముంచి భుజానేసుకున్నాడు. "అమ్మా, నేను పైన మూసేసరికి ఈ పొయ్యి ఆర్పేయాలి. అడుగున నిప్పురవ్వ కూడా మిగలకూడదు."

మల్లసాని కదల్లేదు.

"ఆర్పేయాలా?" అంది, ఆ మాట కొత్తగా వింటున్నట్టు.

"నిప్పుల కుండలోకి కాస్త ఎత్తి దాద్దామే అమ్మా," అంది చెంగలి బతిమాలుతూ.

"పొయ్యి దిగిన నిప్పు ఇంటి నిప్పు కాదే."

శరభకేతుడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆమెను ఆజ్ఞాపించే హక్కు తనకుంది, యువరాజు కదా. అది అతనికి గుర్తే రాలేదు. "లోపలున్నది నా చెల్లెలమ్మా," అని బయటికి దూకాడు.

గోడరాళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చి, చూరు పట్టుకుని, పైకి లేచాడు. కప్పు పలకల మీద మంచు గాజులా పేరుకుని ఉంది. ఎక్కిన కాలు ఎక్కినట్టే జారింది. పొట్ట మీద బల్లిలా పాకుతూ ఇంటికొప్పు చేరాడు. ఎదురుగా పొగగూటి నోట్లోంచి నిలువెత్తు మంట గర్జిస్తూ లేస్తోంది. చుట్టూ తెల్లటి మబ్బు దాని వెలుగుకు ఎర్రబారింది. నిప్పురవ్వలు వానలా కురుస్తున్నాయి. ఒక రవ్వ అతని దొంగగడ్డం మీద పడింది. జిగురు కదా, చుర్రుమని అంటుకుంది. అతను గడ్డాన్ని సగం చర్మంతో సహా పీకి లోయలోకి విసిరేశాడు.

మొదటి కంబళి విసిరాడు. మంట దాన్ని గాల్లోకి ఎగరేసి అవతల పారేసింది. రెండోదాన్ని విసరకుండా, రెండు చేతుల్తో పట్టుకుని, దాని చాటున మొహం దాచుకుని, పొగగూటి మీదికి తానే పడ్డాడు. ఆవిరి బుస్సుమంది. తడి ఉన్ని కాలుతున్న కంపు. కంబళి కిందనుంచి వేడి అతని పొట్టను తోస్తోంది. మూడో కంబళి లాగి దానిపైన పరిచాడు, మళ్ళీ దానిమీద పడుకున్నాడు. పొగ చెవుల పక్కనుంచి ఎగజిమ్ముతోంది. దగ్గుతూ తల తిప్పి చూశాడు. దిగువ మలుపులో మబ్బు చీలింది. అయిదు గుర్రాలూ ఆగి ఉన్నాయి. అయిదుగురూ తలలెత్తి ఇటే చూస్తున్నారు.

కింద అటక మీద చెంగలి చెవి రాతిమూతకు దగ్గరగా పెట్టి వింటోంది. లోపల చిన్న రెక్కలు రాతికేసి టపటపా కొట్టుకుంటున్నాయి.

"అమ్మా, కొట్టుకుంటోందే," అని కిందికి పిలిచింది.

మల్లసాని ఉప్పుబస్తా పొయ్యి దగ్గరికి ఈడ్చుకొచ్చింది. మూతి విప్పింది. అక్కడ ఆగింది. ఎర్రటి నిప్పుల మధ్య నల్లరాయి అంచు కనిపిస్తోంది, కాచన అరచెయ్యి ఆనించిన చోటు. ఆ చోటును చూడకుండా ఆమెకు ఒక్క పొద్దు గడవలేదు.

"అమ్మా," అంది చెంగలి మళ్ళీ.  "చప్పుడు ఆగిపోయింది."

మల్లసాని బస్తా ఎత్తింది. "నువ్వెక్కడున్నావో ఏమో. నిప్పు లేకపోయినా ఇల్లిదేనయ్యా. గుర్తుపెట్టుకుని రా," అని, బస్తా మొత్తం బోర్లించేసింది. ఉప్పు చిటపటలాడింది. మంట పచ్చగా, నీలంగా ఎగిరి, కుంగి, నేలకంటుకుంది. ఆమె ఏడుస్తూనే తడి గోనెను పొయ్యి నోటికి అడ్డంగా పరిచి, అంచుల మీద కాళ్ళతో తొక్కింది. పొగ గదంతా కమ్ముకుంది. గోడలోని హోరు మూలుగై, మూలుగు నిట్టూర్పై, ఆగిపోయింది.

చెంగలి పైటచెంగు చేతికి చుట్టుకుని రాతిమూత లాగింది. లోపల అర మూలలో, మసి మధ్య, పిట్ట రెక్కలు పరిచి పడి ఉంది.

శరభకేతుడు కప్పు మీదినుంచి ఎలా దిగాడో అతనికే తెలియదు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, మొహం సగం నలుపు, సగం ఎరుపు. చెంగలి పిట్టను అతని దోసిట్లో పెట్టింది. ఎడమ రెక్క చివరి ఈకలు కాలి ముడుచుకుపోయాయి. అతను దాని మొహం మీద మెల్లగా ఊదాడు, నీటి చుక్క ముక్కుకు తాకించాడు.

"హేమా," అన్నాడు. "అన్నయ్యనే. కళ్ళు తెరువమ్మా."

చాలాసేపటికి పిట్ట ఒక కన్ను తెరిచింది. అతని బొటనవేలిని చిన్నగా పొడిచింది. కోపం వచ్చినప్పుడు చిన్నప్పుడూ ఇలాగే గిల్లేది. మేఘతల యువరాజు, ఏ రాక్షసుడి ముందూ కంట తడి పెట్టనివాడు, ఆ ఇంటి నట్టింట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కొండకింద కొమ్ము మోగింది. దానికి జవాబుగా దగ్గర్లోనే గుర్రాలు సకిలించాయి. చెంగలి కిటికీ సందులోంచి చూసి వెనక్కి తిరిగింది.

"పైకొస్తున్నారు. మీ గడ్డం కూడా లేదిప్పుడు. అల్లుడుగారి అసలు మొహం దళపతి చూశాడంటే గుర్తుపట్టకుండా ఉంటాడా?"

"వెనక దారుందా?"

"వెనక లోయే. పిట్టైతే ఎగిరేది." అని, కాలిన రెక్క చూసి నాలుక కరుచుకుంది.

మల్లసానికి ఇదంతా వినిపిస్తున్నట్టు లేదు. గోనె తొలగించి, ఆరిన పొయ్యి ముందు నేల మీద కూర్చుని ఉంది. ఆ ఇల్లు అంత చీకటిగా ఉండడం చెంగలి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "నా చేత్తో నేనే ఆర్పేశాను," అంది మల్లసాని, ఎవరితోనూ కాకుండా. "ఇంక ఆయన రాడు."

టక్, టక్.

"రాయి చల్లారుతోందిలే అమ్మా, లే," అంటూ చెంగలి ఆమె భుజం పట్టుకుంది.

టక్, టక్. కాస్త ఆగి, మళ్ళీ ఒక్కటి, గట్టిగా.

మల్లసాని కూతురి చెయ్యి విదిలించేసింది. కోట కావలి దిగి పొద్దుపోయి ఇల్లు చేరిన రోజుల్లో, కూతురు లేవకుండా, తను మాత్రమే వినేలా, ఒక మనిషి తలుపు ఇలాగే తట్టేవాడు. ఆమె పొయ్యి మీదికి పడి ఉప్పునూ బూడిదనూ రెండు చేతుల్తో తోసేసింది. చేతులు కాలుతున్నా ఆపలేదు. ఏళ్ళ తరబడి గట్టిపడిన బూడిద పెళ్ళ ఊడి వచ్చింది. దాని కింద, సరిగ్గా అతను అరచెయ్యి ఆనించిన చోట, రాతిలో ఇమిడిపోయిన ఇనప కడియం ఒకటి బయటపడింది. రాయి చుట్టూ సన్నటి గీతలా సందు. ఆ సందులోంచి చల్లటి గాలి వస్తోంది.

ఆ పొయ్యిరాయి పరిచింది కాచనే. దాని కింద సొరంగం ఉందని అతనొక్కడికే తెలుసు; పోతూ అరచెయ్యి ఆనించి చెప్పబోయింది అదే. దాని మీద నిప్పు ఆరకుండా చూసింది మాత్రం ఆమె.

వాకిట్లో గుర్రాలు ఆగాయి. "తలుపు తియ్యండి," అని దుర్ధరుడు అరిచాడు. గొడ్డలి దెబ్బ ఒకటి తలుపు మీద పడింది. శరభకేతుడు చెల్లెలిని అంగీలో దాచుకుని, బొబ్బలెక్కిన చేతులతోనే కడియం పట్టుకున్నాడు. పక్కన చెంగలి కూడా పట్టుకుంది. రాయి కదిలింది, వేలెడంత లేచింది. కింద చీకటి. ఆ చీకట్లోంచి, దాహంతో ఎండి పగిలిన గొంతు ఒకటి, విసుగూ ప్రేమా కలిసిపోయి, పైకి వచ్చింది.

"ఇన్నాళ్ళకి ఆర్పావుటే మల్లా, పొయ్యి?"